పూర్ణా మార్కెట్ సెంటర్లో ఫస్ట్ షో



విశాఖపట్నంలో ఆటో ఎక్కి, "సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ మార్కెట్‌కి పోనీ బాబూ" అని ఒకసారి అనండి. డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తాడు. "అదెక్కడండీ?" అంటాడు. "పూర్ణా మార్కెట్ అయ్యా" అనండి. ఇంక మాట్లాడడు, గేరు మారుస్తాడు.

రెండూ ఒకటే. కార్పొరేషన్ కాగితాల్లో ఉన్న పేరు సర్దార్ పటేల్‌ది. జనం పిలిచే పేరు పూర్ణా. ఈ పూర్ణా ఎవరో జమీందారిణి కాదు, అమ్మవారు కాదు. ఒక సినిమా హాలు. పక్కనున్న పూర్ణా టాకీసు పేరే మార్కెట్‌కి అతుక్కుపోయింది. సంస్థానాలన్నిటినీ కలిపి ఒక దేశంగా చేసిన పటేల్ గారి వల్ల కూడా ఆ పేరు ఊడలేదు.

ఈ పూట కబుర్లన్నీ ఆ చుట్టుపక్కలవే. పూర్ణా మార్కెట్ దగ్గర బయలుదేరి, పాతపట్నంలో నడుచుకుంటూ రేవు దాకా వెళ్దాం. దారిలో సినిమా హాళ్లున్నాయి, నాటకాల హాలుంది, గుళ్లున్నాయి, ఒక రాణిగారి బొమ్మ ఉంది. ఒకప్పుడు ఈ ఊరివాళ్లు సాయంత్రం అయ్యేసరికి ఎక్కడికి చేరేవారు? అలా చేరిన చోట్లలో ఏవి నిలిచాయి, ఏవి పోయాయి? అదీ విషయం.

ముందు మార్కెట్. తెల్లారకుండానే అక్కడ తెల్లారుతుంది. పల్లెల నుంచి వచ్చిన కూరగాయల బస్తాలు, అరటి గెలలు, పూల బుట్టలు, ఎండుచేపల వాసన, పసుపు కొమ్ములు, అనకాపల్లి బెల్లం దిమ్మలు. ఒక సందు ఉల్లిపాయలది, ఒక సందు పూజ సామానుది. "ఓలమ్మా, ఏటిది, నిన్న పాతిక, ఇయాల నలభయ్యా?" అని ఒకావిడ. "వానలు పడితే ఏటి సేస్తామమ్మా, తీసుకో తీసుకో" అని ఇంకొకావిడ. బేరం అయిపోతుంది గానీ మాటలు అయిపోవు. ఉత్తరాంధ్ర మాట దాని అసలు యాసలో వినాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. విశాఖలో ఇప్పుడు ఏసీ దుకాణాలు ఎన్నో వచ్చాయి. అయినా ఇంట్లో పెళ్లి ఉందంటే, పండగ వచ్చిందంటే, పెద్దవాళ్లు సంచీ పట్టుకుని బయలుదేరేది పూర్ణా మార్కెట్‌కే.

మార్కెట్ పక్కన సినిమా హాలెందుకు వచ్చింది? దీనికి జవాబు రేవులో ఉంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విశాఖ చిన్న ఊరు. 1901 జనాభా లెక్కల్లో నలభై వేల పైచిలుకు మనుషులు, అంతే. ఇప్పటి విశాఖలో రెండు మూడు కాలనీలు కలిపితే అంతమంది ఉంటారు. కలెక్టరు కచేరీ, కోర్టు, కొన్ని బడులు, కొండ కింద బెస్తవాడలు. ఓడలు వచ్చినా సముద్రంలోనే దూరంగా లంగరు వేసి నిలబడేవి. అక్కడి నుంచి సరుకు మసూలా పడవల్లో కెరటాల మీదుగా ఒడ్డుకు చేరేది.

తరవాత రేవు తవ్వారు. డాల్ఫిన్స్ నోస్ కొండ అండన, ఉప్పుటేరు చిత్తడిలో నీటిదారి తీశారు. కెరటాల ఉధృతి తగ్గించడానికి రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి, సముద్రంలో ముంచి, అడ్డుకట్టగా పెట్టారు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ మొట్టమొదటిసారి లోపలికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి రేవుని లాంఛనంగా ప్రారంభించాడు. మధ్యపరగణాల నుంచి రైల్లో వచ్చిన మాంగనీసు ఖనిజం ఇక్కడ ఓడలెక్కడం మొదలైంది.

ఒక్క ఏడాది వెనక్కి వెళ్లండి. 1932. తెలుగులో మొదటి టాకీ, హెచ్.ఎం.రెడ్డి తీసిన భక్తప్రహ్లాద విడుదలైన ఏడాది. చూశారా? రేవూ, మాట్లాడే బొమ్మా ఈ ఊరికి ఇంచుమించు ఒక్కసారే వచ్చాయి. రేవులో పని దొరికింది. పనితోపాటు కూలి డబ్బు చేతికొచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి, విజయనగరం వైపు నుంచి, ఒడిషా నుంచి మనుషులు వచ్చారు. రోజంతా బస్తాలు మోసిన మనిషికి సాయంత్రం కావలసినవి రెండే. ఇంత తిండి, కాస్త కాలక్షేపం. తిండి సరుకు మార్కెట్లో ఉంది. కాలక్షేపం దాని పక్కనే వెలిసింది.

ఆ హాళ్ల సంగతి ఈ తరం పిల్లలకి చెప్పాలి. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ. నాలుగు తరగతులు, నాలుగు ధరలు. నేల అంటే నిజంగా నేలే. చాప కూడా ఉండదు. ముందు వరసలో కూర్చున్నవాడు మెడ పైకెత్తి మూడు గంటలు చూడాల్సిందే. టికెట్టు కిటికీ ఎంతుంటుందంటే ఒక చెయ్యి దూరుతుంది. అందులోకి ఒకేసారి అయిదు చేతులు దూరేవి. ఆడవాళ్లకి వేరే వరస, వేరే గుమ్మం. ఆట మొదలయ్యే ముందు మైకులో ఘంటసాల భక్తిగీతం వేసేవారు. అది వినపడిందంటే సందుల్లో ఉన్నవాళ్లు పరుగు అందుకునేవారు. తెర లేచిందన్న మాట. ఇంటర్వెల్లో గోలీసోడా, వేరుశనక్కాయలు. బయటకొస్తే పాటల పుస్తకం. సినిమా కథ సగం, పాటలు సగం, మధ్యలో "సశేషం వెండితెర మీద" అని ఊరించే నాలుగు పేజీల పుస్తకం అది.

పూర్ణా ఒక్కటే కాదు. సెలెక్ట్, ప్రభాత్, సరస్వతి, అలంకార్, లీలామహల్, చిత్రాలయ. పేర్లు చెబుతుంటేనే విశాఖవాళ్లలో పెద్దవాళ్లు ఒక్కో పేరు దగ్గర ఆగిపోతారు. లీలామహల్ అంటే ఇంగ్లీషు సినిమాలు. కాలేజీ కుర్రాళ్లు ఒక్క ముక్క అర్థం కాకపోయినా అక్కడికి వెళ్లి, బయటికొచ్చి అంతా అర్థమైనట్టు మాట్లాడుకునేవారు. 1970లో జగదాంబ వచ్చింది. డెబ్బై ఎం.ఎం. తెర. ఆ తెర చూడడానికే పక్క జిల్లాల నుంచి బస్సెక్కి వచ్చేవారు. ఇప్పుడు ఆ కూడలికి జగదాంబ సెంటరు తప్ప ఇంకో పేరు ఎవరి నోటా రాదు. పూర్ణా కథే మళ్లీ జరిగింది. ఒక మార్కెట్‌కీ, ఒక కూడలికీ సినిమా హాళ్ల పేర్లే ఖాయమైపోయాయి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. సినిమాలు చూడడమే కాదు, విశాఖ ఒకప్పుడు సినిమా తీసింది కూడా. ఇప్పుడు షూటింగులకి వచ్చినట్టు బీచి రోడ్డులో రెండు పాటలు తీసుకుని వెళ్లిపోవడం గురించి కాదు. 1930లలోనే ఇక్కడ ఆంధ్రా సినీటోన్ అనే సంస్థ ఉండేది. ఆ సంస్థ తీసిన భక్త జయదేవ 1938లో వచ్చింది. దర్శకుడు హీరేన్ బోస్, బెంగాలీ. అందులో సురభి కమలాబాయి నటించారు. ఈ కమలాబాయి ఎవరు? మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి వేషం కట్టిన ఆవిడే. మద్రాసు స్టూడియోలు అందరినీ లాక్కుపోతున్న రోజుల్లో, సముద్రం ఒడ్డున ఇంత చిన్న ఊళ్లో సినిమా తీయాలని కొందరు పెట్టుబడి పెట్టారంటే వాళ్లది ధైర్యమే. అది ఎక్కువ కాలం సాగలేదు. సాగి ఉంటే తెలుగు సినిమా చరిత్రలో మద్రాసు పక్కన విశాఖ పేరు కూడా ఉండేది.

సరే, మార్కెట్ దగ్గర నుంచి నడక మొదలుపెడదాం.

కొంచెం ముందుకి వెళ్తే ఏవీఎన్ కాలేజీ డౌన్. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది. ఎక్కేటప్పుడు మాత్రం రిక్షావాడు దిగి తొయ్యాల్సి వచ్చేది, ఎక్కినవాడు కూడా మొహమాటానికి దిగేవాడు. ఆ మిట్ట మీదిదే మిసెస్ ఏవీఎన్ కాలేజీ. మొదట బడిగా 1860లో మొదలైంది. అంకితం వారి వితరణతో కాలేజీగా ఎదిగింది. సి.వి.రామన్ నాన్నగారు చంద్రశేఖర అయ్యరు ఇక్కడే పాఠాలు చెప్పారు. అందుకే చిన్నప్పటి రామన్ విశాఖలో పెరిగాడు, సెయింట్ అలోషియస్ బడిలో చదివాడు. శ్రీశ్రీ 1910లో పుట్టింది ఈ ఊళ్లోనే. 1935లో ఇదే కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా చేరారు. పొద్దున్న పిల్లలకి ప్రయోగాలు చూపించి, సాయంత్రం ఈ డౌన్ దిగి పాతపట్నం వీధుల్లో పడే శ్రీశ్రీని ఊహించుకోండి. అవి మహాప్రస్థానం గీతాలు పుడుతున్న ఏళ్లు.

రావిశాస్త్రిని కూడా తలుచుకోకుండా ఈ వీధులు దాటలేం. రాచకొండ విశ్వనాథశాస్త్రి, వృత్తికి వకీలు. కోర్టు గుమాస్తాలు, పోలీసులు, సారా అమ్మే ఆడవాళ్లు, పట్టుబడ్డవాళ్లు, పట్టుబడనివాళ్లు, అందరూ ఆయన కథల్లో ఈ యాసలోనే మాట్లాడతారు. ఆరు సారా కథలు చదివిన మనిషి పూర్ణా మార్కెట్ సందుల్లో నడిస్తే, ఎదురొచ్చేవాళ్లని ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

ఇంకాస్త లోపలికి వెళ్తే బురుజుపేట. అక్కడ శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారు. ఈ గుడికి ఒక ప్రత్యేకత ఉంది. అమ్మవారి మీద కప్పు లేదు. ఎండా వానా ఆవిడ మీదే పడతాయి. ఇంకో సంగతి కూడా. మధ్యలో పూజారి అక్కర్లేదు. ఎవరి చేత్తో వాళ్లు పసుపు రాయొచ్చు, కుంకుమ పెట్టొచ్చు, పాలు పోయొచ్చు. 1912లో ఈ విగ్రహం ఒక బావిలో దొరికిందని చెబుతారు. దొరికినచోట వీధి మధ్యలోనే నిలిపారు. 1917లో రోడ్డు వెడల్పు చెయ్యాలని మునిసిపాలిటీవాళ్లు విగ్రహాన్ని అక్కడి నుంచి కదిలించారట. అంతలో ఊళ్లో ప్లేగు వచ్చింది. అమ్మవారిని కదిపినందుకే వచ్చిందన్నారు జనం. తెచ్చి మళ్లీ పాతచోటే పెట్టారు. ప్లేగుకి కారణం ఎలకలో, అమ్మవారి కోపమో, ఎవరి నమ్మకం వాళ్లది. రోడ్డు మాత్రం అమ్మవారికి దారి ఇచ్చింది.

మార్గశిర మాసంలో గురువారాలు ఆ వీధికి వెళ్లి చూడాలి. అర్ధరాత్రి నుంచే వరసలు. చేతిలో పసుపు పొట్లం, చంకలో పిల్లాడు. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు, స్టీలు ప్లాంటులో రాత్రి డ్యూటీ దిగి అట్నుంచి అటే వచ్చినవాళ్లు. బయట గాజుల కొట్లు, బొమ్మల కొట్లు, వేడివేడి బజ్జీలు. దీన్ని భక్తి అనాలా, వేడుక అనాలా? అక్కడున్న ఆడవాళ్లని అడిగితే ఈ ప్రశ్నే వాళ్లకి వింతగా ఉంటుంది.

జగన్నాథస్వామి రథయాత్ర కూడా అంతే. పాతపట్నంలో జగన్నాథుడి గుడి ఉంది. ఒడిషా పక్కనే కదా, స్వామి ఇక్కడికి రావడానికి పెద్ద దూరం కాదు. ఆషాఢంలో రథం కదిలి టర్నర్ సత్రానికి వస్తుంది. టర్నర్ అంటే ఒకప్పటి ఇంగ్లీషు కలెక్టరు. ఆయన పేరు పెట్టుకున్న సత్రంలో జగన్నాథుడు కొన్నాళ్లు విడిది చేస్తాడు. రోజుకొక అవతారం అలంకారం. ఒకరోజు మత్స్యం, ఒకరోజు కూర్మం, ఇంకొకరోజు నరసింహం. పిల్లలు రోజూ వచ్చి ఈవేళ ఏ అవతారమో చూసిపోతారు. టీవీ లేని రోజుల్లో ఇది వరసగా సాగే కథ. టీవీ వచ్చాక కూడా జనం తగ్గలేదు.

ఇప్పుడు కురుపాం మార్కెట్. బంగారం వర్తకుల వీధి. ఆ పేరు కురుపాం జమీందార్లది. అక్కడి నుంచి మెయిన్ రోడ్డు పట్టుకుంటే రాణీబొమ్మ సెంటరు. రాణి అంటే విక్టోరియా. 1904లో పెట్టారు ఈ బొమ్మని. అప్పటికి ఆవిడ పోయి మూడేళ్లయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. చాలా ఊళ్లలో ఇలాంటి బొమ్మలు తీసి గోదాముల్లో పడేశారు. విశాఖలో మాత్రం రాణి కూడలిలోనే ఉండిపోయింది. ఇక్కడి జనానికి ఆవిడ సామ్రాజ్ఞి కాదు, ఒక గుర్తు. "రాణీబొమ్మ దగ్గర దిగి ఎడమకి తిరగండి" అని దారి చెప్పడానికి పనికొచ్చే మనిషి.

రేవు వైపు ఇంకొంచెం నడిస్తే టౌన్ హాలు. విక్టోరియా గద్దెనెక్కి అరవై ఏళ్లు నిండిన వజ్రోత్సవం గుర్తుగా బొబ్బిలి మహారాజా ఊరికి కట్టించి ఇచ్చిన రాతి భవనం ఇది. దగ్గర్లో ఉన్న విజయనగరంలో 1892లోనే కన్యాశుల్కం ఆడారు. ఆ నాటకంలో చివరి అంకం జరిగేది విశాఖలోనే, కోర్టు వ్యవహారం కోసం అందరూ ఇక్కడికే వస్తారు. అంటే టౌన్ హాలు కట్టేనాటికి ఉత్తరాంధ్రకి నాటకం పిచ్చి బాగా పట్టి ఉంది. హాలు దొరికింది, ఇంకేం కావాలి? నాటకాలు, సభలు, సన్మానాలు, ఉపన్యాసాలు, పాట కచేరీలు. కర్టెను లేవగానే హార్మోనియం, పద్యం, వన్స్ మోర్. పద్యం బాగుంటే చచ్చిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడాల్సిందే.

తరవాత ఏమైంది? ఊరు పెరిగింది. పెరిగిన ఊరు ఉత్తరానికి జరిగింది. వాల్తేరు ఎగువన విశ్వవిద్యాలయం, సిరిపురంలో ఆకాశవాణి, కొత్త కాలనీలు. 1963లో ఆకాశవాణి విశాఖ కేంద్రం మొదలైనప్పుడు పాతపట్నం నుంచి కళాకారులు పద్యాలూ నాటికలూ పట్టుకుని సిరిపురం ఎక్కడం మొదలుపెట్టారు. నాటకాలకి కళాభారతి వచ్చింది, గురజాడ కళాక్షేత్రం వచ్చింది. ఊరికి అటు చివర ఉక్కునగరం వచ్చింది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం వీధికెక్కి తెచ్చుకున్న ఫ్యాక్టరీ అది. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేస్తే, 1992లో పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. అక్కడివాళ్లకి అక్కడే క్లబ్బులు, అక్కడే వేదికలు. సాయంత్రం టౌన్ హాలుకి రావలసిన మనుషులు పాతపట్నంలో తగ్గిపోయారు. మెట్ల మీద దుమ్ము పేరుకుంది.

ఈమధ్య టౌన్ హాలునీ, మెయిన్ రోడ్డులోని పాత మునిసిపల్ ఆఫీసునీ స్మార్ట్ సిటీ పనుల్లో బాగు చేయించారు. సున్నం, చెక్క, పెంకు, అన్నీ పాత పద్ధతికి తగ్గట్టు సరిచేశారు. మంచి పని. చాలా మంచి పని. కానీ ఒక మాట అడగాలి. బాగుచేసిన హాల్లో ఏం జరుగుతోంది?

ఇందాక చూసినవన్నీ మళ్లీ ఒకసారి గుర్తు చేసుకోండి. పూర్ణా మార్కెట్ ఎందుకుంది? రోజూ జనం వస్తారు కనక. కనకమహాలక్ష్మి అమ్మవారి వీధి ఎందుకు కళకళలాడుతోంది? మనుషులు తమ చేత్తో తాము పసుపు రాస్తారు కనక. టర్నర్ సత్రం ఎందుకు గుర్తుంది? ఏటా దేవుడు అక్కడికి వస్తాడు, వెనకాల పిల్లలు వస్తారు కనక. ఇక సినిమా హాళ్లో? జనం మానేసిన మర్నాడే వాటికి తాళం పడింది. చిత్రాలయ ఉన్న చోట ఇప్పుడు మాలు, అందులో చిన్న చిన్న తెరలు. గోడలు ఎంత గట్టివన్నది ఇక్కడ లెక్క కాదు. టౌన్ హాలు గోడలు రాతివే. అయినా రాళ్లు ఖాళీ హాలుని నింపలేవు కదా.

రేవు మొగలో మూడు కొండలున్నాయి. అక్కడికి వెళ్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. మూడోదాని పేరు రాస్ హిల్. 1864లో రాస్ అనే ఆయన అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, అదే తరవాత ప్రార్థనా మందిరమైంది. వెంకటేశ్వరుడి గుడి 1866లో బ్లాక్‌మోర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ కట్టించాడంటారు. దర్గా ఇస్‌హాక్ మదీనా బాబాది. ఆ రోజుల్లో ఈ దర్గా ముందు నుంచి వెళ్లే ఓడలు జెండాని మూడుసార్లు దించి ఎత్తి సలాము చేసేవని పాత జిల్లా గెజిటీరులో ఉంది. ఓడవాళ్లు ఏ మతంవాళ్లైనా సరే, ముందున్నది సముద్రం. ఒక సలాము ఎక్కువైతే నష్టమేముంది?

ఈ కొండలెక్కితే రేవంతా కనపడుతుంది. ఓడలు లోపలికి వచ్చే సన్నని దారి, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్. 1804 సెప్టెంబరులో ఇదే తీరం ఎదట ఇంగ్లీషు ఓడ సెంచూరియన్‌కీ మూడు ఫ్రెంచి ఓడలకీ ఫిరంగుల యుద్ధం జరిగింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఇదే రేవు మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటాముల్లే సర్దుకుని పల్లెలకి పరుగెత్తింది. అప్పుడు పేలని బాంబు ఒకటి బీచి రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది, పిల్లల్ని తీసుకెళ్లి చూపించొచ్చు. ఆరేళ్లు తిరిగేసరికి, 1948లో, ఇక్కడే తయారైన జలఉష ఓడని నెహ్రూ నీళ్లలోకి పంపారు.

మళ్లీ టౌన్ హాలు దగ్గరికే వద్దాం. ఆ మాట ఇంకా తేలలేదు.

బీచి రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. 2002 నుంచి జనం టికెట్టు కొనుక్కుని వరసలో నిలబడి దాని కడుపులో దూరి వస్తున్నారు. ఇనప గొట్టం లాంటి ఇరుకు సందు చూడడానికి అంతమంది వెళ్తున్నారంటే, లోపల చూడడానికి ఏదో ఉంది, చెప్పడానికి మనిషి ఉన్నాడు. టౌన్ హాలుకీ అదే కావాలి. నెలకొక్క నాటకం చాలు. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు ఉంది, జముకుల కథ ఉంది, పద్యనాటకం ఆడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వేదిక దొరక్క పెళ్లి మంటపాల్లో ఆడుకుంటున్నవాళ్లు ఉన్నారు. ఏవీఎన్ కాలేజీ పిల్లలు కన్యాశుల్కంలో చివరి అంకం ఒక్కటి ఈ హాల్లో ఆడితే ఎలా ఉంటుంది? విశాఖలో జరిగే అంకం, విశాఖ హాల్లో, విశాఖ యాసలో. టికెట్టు మార్కెట్లో అమ్మాలి. కూరగాయలు కొన్నవాళ్లు కొత్తిమీర కట్టతోపాటు ఒక టికెట్టు కూడా సంచీలో వేసుకోవాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మార్కెట్ పక్కన సినిమా హాలు పెట్టినవాళ్లు చేసింది ఇదే.

రావాలనుకునే శ్రోతలకి దారి చెప్పాలి కదా. సింహాచలం నుంచి గానీ, ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి గానీ, బోర్డు మీద ఓల్డ్ పోస్టాఫీసు అని ఉన్న బస్సు చూసుకుని ఎక్కండి. ఎండ ముదరకముందే పూర్ణా మార్కెట్లో దిగండి. చెప్పులు గట్టివి వేసుకోండి, మార్కెట్ నేల తడిగా ఉంటుంది. కారు మాత్రం తేవద్దు, ఆ సందుల్లో తిప్పడం కష్టం. డౌన్ మీదుగా బురుజుపేట, అక్కడి నుంచి కురుపాం మార్కెట్, రాణీబొమ్మ, టౌన్ హాలు, చివరికి కొండలు. పూటలో అయిపోతుంది. గురువారం అయితే అమ్మవారి దగ్గర వరస పెద్దది, ఇంకో గంట వేసుకోండి. టౌన్ హాలు గేటు దగ్గర ఆగి, "ఈ వారం లోపల ఏముంది బాబూ?" అని అడగండి. ఏమీ లేదంటే, వచ్చేవారం కూడా అడగండి.